మెట్లు లేని ఇల్లు

అదే నేను మీకు చెప్పబోయేది, పడి విరిగిన చెయ్యి ఒక రకంగా ఉంటుంది, పట్టుకుని మెలిపెడితే విరిగిన చెయ్యి ఇంకో రకంగా ఉంటుంది. పడితే చాలాసార్లు ఎముక అడ్డంగా విరుగుతుంది, పుల్ల విరిచినట్టు. మెలిపెడితే ఆ గీత ఎముక చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది, తడిబట్ట పిండినట్టు. నేనేం చదువుకున్నదాన్ని కాదు. ఆస్పత్రిలో కట్లు కట్టే గది తుడిచేదాన్ని. ఇరవై ఆరేళ్లు ఆ గదిలో చీపురు పట్టుకుని నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. నాకే తెలిసిందంటే ఆ కట్లు కట్టే మా మేస్త్రికి తెలియకుండా ఉంటుందా?

ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు. డాక్టర్లకీ మేస్త్రే, నర్సులకీ మేస్త్రే. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. గోడలకి సున్నం వేసేవాడిలా మోచేతుల దాకా తెల్లగా ఉండేవాడు. పిండి పట్టించిన గుడ్డచుట్టని గోరువెచ్చని నీళ్ల బకెట్లో ముంచి, బుడగలు ఆగేదాకా చూసి, రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా పిండి, దూది మీద చుట్టుకుంటూ పోయేవాడు. అరచేత్తోనే నునుపు చేసేవాడు, వేళ్లతో నొక్కేవాడు కాదు. వేలి గుంట పడితే లోపల పుండవుతుందని. ఆయన కట్టిన కట్టుకి ఇస్త్రీ అక్కర్లేదని పెద్ద డాక్టరు నవ్వేవాడు.

పిల్లలంటే ప్రాణం. కట్టు కోసే మిషను గుర్రుమంటుంటే పిల్లలు గుక్కపెట్టేవాళ్లు. ఆయన దాన్ని తన అరచేతికి ఆనించి చూపించేవాడు. "చూశావా బుజ్జీ, ఇది గట్టివాటి మీదే కోపం చూపిస్తుంది, మెత్తవాటి జోలికి రాదు" అనేవాడు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తుండగానే కట్టు రెండు చెక్కలై ఊడొచ్చేది.

ఇక పెద్దవాళ్లు. మంచం మీంచి పడ్డాడండీ, మెట్ల మీంచి పడిందండీ. మేస్త్రి ఎక్స్‌రే ఫిల్ము లైటుకి పట్టి చూసేవాడు. గీత చుట్టూ తిరిగిందనుకోండి, ఆ తండ్రి వైపు ఓరగా చూసి, "ఈసారి మెట్లకి చెప్పండి బాబూ, కాస్త మెల్లగా కొట్టమని" అనేవాడు. తండ్రి తల దించుకుని నవ్వేవాడు. అంతే. డాక్టరుకి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

"చెప్పొచ్చు కదన్నయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఎవరింట్లో పెంపకం వాళ్లది చెల్లెమ్మా. మా నాన్న నన్ను కొట్టలేదా? నేను మనిషిని కాలేదా?"

వాళ్ల నాన్న కలప అడితీలో దుంగలు మోసేవాడట. ఇంటికొచ్చేటప్పుడు చెక్క పేడు ఒకటి భుజాన పెట్టుకొచ్చేవాడు, పొయ్యిలోకి. పొయ్యిలోకి వెళ్లేముందు అది మేస్త్రి వీపు మీదికి వెళ్లేది. ఒకసారి కొట్టేసరికి పేడు చీలి, చీలిక భుజంలో దిగిపోయింది. వాళ్లమ్మ సూదితో తీస్తూ, "నాన్న కాబట్టి కొట్టాడురా, పరాయివాడికేం పట్టింది?" అందట. ఈ కథ ఆయన నవ్వుతూ చెప్పేవాడు. చొక్కా జరిపి మచ్చ కూడా చూపించేవాడు, బహుమతి చూపించినట్టు.

నవ్వకుండా చెప్పింది ఇంకోటి ఉంది. అది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, పోలీసులకి రాసిచ్చిన రోజున నేను పక్కనుంటే విన్నాను.

ఆయనకి ఒక్కడే కొడుకు. మొదట్లో అరచేత్తో వీపు మీద ఒకటి వేసేవాడు. ఎక్కం తప్పితే చెవి మెలి. పిల్లాడు కొన్నాళ్లకి దానికి అలవాటు పడిపోయాడు, ఏడవడం మానేశాడు. ఏడవకపోతే దెబ్బ తగల్లేదనుకున్నాడు మేస్త్రి. స్కేలు తీశాడు. స్కేలు విరిగింది. బెల్టు తీశాడు. బకిలీ ఉన్న వైపు చేతికి చుట్టుకుని రెండో వైపుతో కొట్టేవాడు, తర్వాత్తర్వాత ఆ చుట్టుకోవడం కూడా మానేశాడు. "ఏడిస్తే ఆపేవాణ్ణి. వాడు ఏడవడు" అని చెప్పాడు ఆ పోలీసాయనకి. ఆయన కలం ఆపి మేస్త్రి ముఖం చూశాడు.

పిల్లాడికి తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం జరిగింది. సెలవురోజుల్లో ఇరుగుపొరుగు ఎవరైనా వస్తే పనికొస్తాయని మేస్త్రి నాలుగు కట్టుచుట్టలు ఇంట్లో ఉంచుకున్నాడు. పిల్లాడు బకెట్లో నీళ్లు పట్టి, మూడు చుట్టలు ముంచి, చీలిపోయిన కుర్చీ కాలుకి కట్టు కట్టాడు. నాన్న ఎలా కడతాడో అలాగే, అరచేత్తో నునుపు చేసి మరీ. మేస్త్రి ఇంట్లో అడుగుపెట్టేసరికి గదంతా పిండి నీళ్లు.

"కుర్చీకి కాలు విరిగింది నాన్నా. బాగు చేశాను."

బెల్టుతో మొదలుపెట్టాడు. పిల్లాడు కుర్చీ కింద దూరాడు. కాలు పట్టి ఈడ్చాడు, కట్టు కట్టిన కుర్చీ మీద పడింది. పిల్లాడు ఉలకలేదు, పలకలేదు. "ఏడువు. ఏడవ్వేం?" అంటూ కుడిచెయ్యి వెనక్కి విరిచి పైకి ఎత్తాడు. చప్పుడైంది. ఆ చప్పుడు ఆయనకి కొత్త కాదు, ఆస్పత్రి గదిలో విన్నదే. అప్పుడు అరిచాడు పిల్లాడు.

ఇక్కడే చూడండి, ఇంకెవరూ చేయలేని తప్పు ఆయన చేశాడు. వేరే తండ్రయితే ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తి, మెట్ల మీంచి పడ్డాడని చెప్పేవాడు. ఈయనకి ఆ ఫిల్ములో ఏం కనబడుతుందో తెలుసు. గీత చుట్టూ తిరిగి ఉంటుంది, మేస్త్రి కొడుకంటే పెద్ద డాక్టరే దగ్గరుండి చూస్తాడు. అందుకని తలుపు వేశాడు. భార్యని పిల్లాడి భుజం పట్టుకోమని, నోట్లో తువ్వాలు కుక్కి, ఎక్స్‌రే లేకుండా చేత్తో తడిమి ఎముక లాగాడు. రెండుసార్లు లాగాడు. మిగిలింది ఒక్క చుట్ట. చాలలేదు. చుట్టూ అట్టముక్కలు పెట్టి గుడ్డ చుట్టాడు.

ఆరు వారాలకి విప్పితే చెయ్యి అతుక్కుంది, కానీ అరచెయ్యి పైకి తిరగదు. సగం దాకా వచ్చి ఆగిపోతుంది. అందులో ఏం పెట్టినా జారిపోతుంది. తను ఊళ్లో లేనప్పుడు ఎవరో పని తెలియనివాళ్లు కట్టారని మాకందరికీ చెప్పాడు. "వేలమంది చేతులు సరిచేసినవాడు, పాపం కన్నకొడుకు దగ్గరికొచ్చేసరికి చూడండి" అని మేమే జాలిపడ్డాం.

"తర్వాత కొట్టడం మానేశారా?" అని అడిగాడు పోలీసాయన.

"లేదండి. ఆ చెయ్యి వదిలేసి మిగతాచోట్ల కొట్టాను."

ఆ పిల్లాడు పెద్దవాడయ్యాడు. కరెంటు పని నేర్చుకోవాలని ఆశ. స్క్రూడ్రైవర్ తిప్పాలంటే మణికట్టు తిరగాలి కదా, తిరగలేదు. గోడౌను షట్టరు దగ్గర కాపలా ఉద్యోగంలో కూర్చున్నాడు. పెళ్లయింది, కూతురు పుట్టింది. మేస్త్రికి మనవరాలంటే ఎంత పిచ్చంటే, కట్టుచుట్టల ఖాళీ డబ్బాలన్నీ బొమ్మరిల్లు కడుతుందని దాచేవాడు.

ఇంకో రెండు నెలల్లో మేస్త్రి రిటైరవుతాడనగా, ఒక మధ్యాహ్నం కొడుకు ఆ పిల్లని ఎత్తుకుని మా గదికి వచ్చాడు. ఆరేళ్ల పిల్ల. ఎడమచెయ్యి వాచిపోయి వేలాడుతోంది. ఎక్స్‌రే అప్పటికే తీశారు, డాక్టరమ్మ ఫిల్ము తెస్తానంది. మేస్త్రి పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి, చుట్ట విప్పి నీళ్లలో వేశాడు.

"ఎలా అయిందిరా?"

"మెట్ల మీంచి పడింది."

"ఏ మెట్లు?"

"ఇంటి మెట్లు నాన్నా. ఏ మెట్లంటావేంటి?"

"మీ ఇంటికి మెట్లెక్కడివిరా? మీ గుమ్మం కూడా నేలకి సమానమే."

కొడుకు నన్నొకసారి చూసి గొంతు తగ్గించాడు. "అన్నం నోట్లో పెట్టుకుని గంట కూర్చుంది. రెండు పీకాను. పారిపోబోతే చెయ్యి పట్టుకున్నాను. అంతే."

"ఏడ్చిందా?"

"అదే కదా. ఎన్ని పీకినా ఏడవదు, మొండిముండ."

మేస్త్రి చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. బుడగలు ఎప్పుడో ఆగిపోయాయి. చుట్ట తీయాల్సిన మనిషి తీయడంలేదు. అన్నేళ్లలో ఆయన చుట్ట పాడుచేయడం నేను చూసింది అదొక్కటే.

"డాక్టరమ్మతో చెప్పేస్తాను" అన్నాడు.

"చెప్పు. నేను కూడా నా చెయ్యి చూపిస్తాను."

"అదే చూపించరా ముందు."

డాక్టరమ్మ ఫిల్ముతో లోపలికి వచ్చింది. గీత ఎముక చుట్టూ తిరిగి ఉంది, నాకు గుమ్మం దగ్గర్నించే కనబడింది. "పాప ఎలా పడింది?" అని అడిగింది.

"పడలేదమ్మా" అన్నాడు మేస్త్రి. "వాళ్లింటికి మెట్లు లేవు. వీడు మెలిపెట్టాడు. వీడి చెయ్యి నేను మెలిపెట్టాను. రెండూ రాసుకోండి."

కొడుకు చెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. మోచేతి ఎముకతో మూతి మీద కొట్టాడు. మేస్త్రి బకెట్టు మీద పడ్డాడు, ట్రే ఎగిరి కత్తెరలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ఆ తెల్లనీళ్లలో పడి ఉన్న తండ్రిని డొక్కలో తన్నాడు. "నేర్పిందెవరు? చెప్పు. నేర్పిందెవరు?" మాటకో తన్ను. నేను చీపురుకర్ర అడ్డం పెడితే అది విరిగింది, నా మణికట్టు ఇప్పటికీ చలికి నొప్పెడుతుంది. ఇద్దరు వార్డుబాయ్‌లు వచ్చి వెనకనుంచి పట్టుకుంటే గానీ ఆగలేదు. ఒకడి చెవి కొరికాడు. వాళ్లు ఈడ్చుకుపోతుంటే వాడు తిట్లు ఆపి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. చిన్నప్పుడు ఎన్ని దెబ్బలకీ ఏడవనివాడు.

బల్ల మీద పిల్ల చప్పుడు చేయలేదు. బాగున్న చెయ్యి తల మీద అడ్డం పెట్టుకుని, గడ్డం మోకాళ్లలో దాచుకుని కూర్చుంది. ఎన్నోసార్లు చేస్తే గానీ అంత పద్ధతిగా రాదు అది.

మేస్త్రి గోడ పట్టుకుని లేచాడు. పన్ను ఒకటి అరచేతిలోకి ఊసి కిటికీలో పెట్టాడు. "చెల్లెమ్మా, కొత్త చుట్ట తియ్యి. నీళ్లు గోరువెచ్చగా పట్రా" అన్నాడు. డాక్టరమ్మ ఎముక సరిచేసి పట్టుకుంటే, ఆయన చుట్టాడు. గడ్డం మీంచి రక్తం కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ చుట్టాడు.

"తాతా," అంది పిల్ల, "నువ్వు కూడా మెట్ల మీంచి పడ్డావని చెప్పాలా?"

"వద్దు తల్లీ. ఎవరు కొడితే వాళ్లు కొట్టారనే చెప్పాలి. తాత కొట్టినా, నాన్న కొట్టినా."

పోలీసులు వచ్చారు, కేసయింది. కోడలు పిల్లని తీసుకుని వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. కొడుకు బెయిలు మీద బయటికొచ్చాడు, కూతుర్ని మాత్రం ఎవరో ఒకరు పక్కనుంటేనే చూడాలన్నారు. మా ఆస్పత్రిలో సగంమంది మేస్త్రితో మాట్లాడటం మానేశారు. కన్నకొడుకుని పట్టించాడని కొందరు, ఇన్నాళ్లూ పెద్దమనిషిలా తిరిగాడని కొందరు. ఆయన ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఆ తర్వాత చుట్టూ తిరిగిన గీత వచ్చినప్పుడల్లా మెట్ల జోకు వెయ్యలేదు, నేరుగా డాక్టరమ్మని పిలిచేవాడు.

డాక్టరమ్మే ఒకరోజు అంది, "కేసు కాగితాల కోసం మీ అబ్బాయి చెయ్యి చూశాను మేస్త్రిగారూ. ఆ ఎముక మళ్లీ కోసి సరిచేయొచ్చు. పూర్తిగా కాకపోయినా అరచెయ్యి చాలావరకు తిరుగుతుంది." తారీఖు వేసి ఒక చీటీ రాసిచ్చింది. మేస్త్రి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం ఆదివారం గోడౌనుకి వెళ్లేవాడు. మొదటిసారి కొడుకు షట్టరు లాగేశాడు. అందులో ఆయన వేలు పడి గోరు నల్లబడింది. రెండోసారి లోపల్నించే, "ఉండనీ ఈ చెయ్యి ఇలాగే. నిన్ను చూసినప్పుడల్లా గుర్తుండాలిగా" అన్నాడు. మూడోసారి వెళ్లొచ్చి సోమవారం నాతో చెప్పాడు, "మాట్లాడలేదు. కానీ షట్టరు వెయ్యలేదు చెల్లెమ్మా."

ఆ శనివారమే పిల్లకి కట్టు విప్పాడు. మిషను తన అరచేతికి ఆనించి చూపించాడు. ఆయన చెయ్యి లేచేసరికి పిల్ల తల వంచేసుకుంది, ఆయన చెయ్యి దించి, అది తల ఎత్తేదాకా ఎంతసేపైనా అలాగే నిలబడ్డాడు. కట్టు ఊడాక, "ఏదీ, అరచెయ్యి పైకి తిప్పు" అన్నాడు. తిప్పింది. నిండుగా తిరిగింది. అందులో ఒక ఖాళీ డబ్బా పెట్టాడు, జారలేదు.

"రేపు పొద్దున్నే వెళ్తాను గోడౌనుకి," అన్నాడు నాతో, మిషను తుడుస్తూ. "ఈసారి చీటీ చేతిలో పెట్టేస్తాను. వాడికి కుడిచేతిలో పెడితే పడిపోతుంది, ఎడమచేతిలో పెట్టాలి."

ఆదివారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం పక్కన కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. నేను వెళ్లేసరికి పై రెండు గుండీలు పెట్టకుండానే ఉన్నాయి. చీటీ జేబులోనే ఉంది, నాలుగు మడతలతో. దాని మీద తారీఖు వచ్చే గురువారం.