ఉప్పునీళ్ళకి నిలిచిన పచ్చ బోల్టులు

మొన్న విజయనగరంలో తలుపు గడియకి మరలు కొందామని వెళ్తే, కొట్టాయన తెల్లగా మెరిసేవి ముందు పెట్టి, పసుపుపచ్చవి పాతకాలం సరుకండీ, ఇప్పుడెవరూ అడగరన్నాడు. నాకు చుర్రుమంది. ఆ పసుపు రంగు కోసం ఒకప్పుడు నా ఉద్యోగమే ఊడబోయిందని ఆయనకేం తెలుసు!

పెళ్ళికి ముందు మా ఊరి చివర పూతల షెడ్డులో పనిచేసేదాన్ని. ఇనప సామానుకి జింకు పూత పెట్టి, ఆపైన క్రోమేటు మందు కలిపిన నీళ్ళలో ముంచి తీస్తే ఒక రకంలో తెల్లగా, ఇంకో రకంలో తేనెపసుపుగా తేలేవి. దేనికే రంగో ఎంచే పని యజమాని నాకు అప్పజెప్పాడు, ఆడపిల్లకి ఇదేమిటని తోటివాళ్ళు ముసిముసిగా నవ్వినా సరే. ఒకసారి పడవల ఆసామి ఒకాయన ఇంజను బిగించే బోల్టులు పంపితే, సముద్రం పని కదా, ఉప్పుకి పసుపే ఎక్కువ నిలుస్తుందని, ఎవరినీ అడక్కుండా అన్నిటికీ పసుపే పట్టించేశాను. ఆయనొచ్చి చూసి, ఇదేటి, అప్పుడే సిలుం పట్టేసినట్టున్నాది, ఎండిలాగ తెల్లగుండాలని మండిపడ్డాడు. యజమాని నన్ను పిలిచి, నాలుగు రోజుల్లో ఆయన్ని ఒప్పించు, లేదా ఇంట్లో కూర్చో అనేశాడు.

మా అమ్మది ఎండుచేపల వ్యాపారం. చేపలు తీసేశాక పారబొయ్యడానికి ఉంచిన ఉప్పునీళ్ళు కుండలో పట్టి, తెల్ల బోల్టొకటి, పచ్చదొకటి అందులో వేశాను. నీకు పిచ్చేటైనా ఎక్కిందేటే, బోల్టులు ఊరేస్తన్నావని అమ్మ ఒకటే తిట్లు. రెండోనాటికే తెల్లదాని మీద సున్నంలాంటి పొడి లేచింది, నాలుగోనాటికి మరచుట్ల సందుల్లో ఎర్రగా తుప్పు. పచ్చది మాత్రం వేసినప్పటిలాగే ఉంది. ఆ కుండ ఒళ్ళో పెట్టుకుని ఆసామి ఊరికి బస్సెక్కితే జనం ముక్కులు మూసుకున్నారు, నేను తలెత్తుకునే కూర్చున్నాను. ఆసామి రెండిటినీ అరచేతిలో వేసుకుని, బొటనవేలితో రుద్ది రుద్ది చూసి, ఇకమీదట అన్నీ పచ్చవే సెయ్యమ్మా అన్నాడు. గర్వంతో నాకు ఏడుపొచ్చేసింది. ఆ షెడ్డు మానేదాకా రంగు విషయంలో నా మాటకి ఎదురు లేదు.

ఆ పాత పసుపు నీళ్ళు ఒంటికి చెడ్డవి, నా వేళ్ళకీ పుళ్ళు లేచేవి. అవి పోవడం మంచిదేనని నేనే అంటాను. ఇప్పుడు పూత నిలుస్తుందో లేదో ఉప్పుజల్లు కొట్టి చూడడానికి పెట్టె ఉందట, ఏ పూత వెయ్యాలో సరుకుతోబాటే కాగితం మీద రాసి వస్తుందట. తప్పయితే కాగితం మారుస్తారు గాని మనిషినెవరూ నిలదియ్యరు. నన్ను నిలదీశారు గనకనే గదా, అది నేను ఎంచిన రంగని ఇవాళ్టికీ చెప్పుకోగలుగుతున్నాను.