సిస్టర్ అడిగింది మాకు అర్థంగాలే

పోయిన నెల బోథ్ ఊరి నుంచి ఫోనొచ్చింది, మా హాస్టల్ సిస్టర్ కన్నుమూసిందని. ఆమె పుట్టింది సముద్రాల అవతల, హైతీ దేశంల. వయసుల ఉన్నప్పుడే కన్యాస్త్రీగ మా అడవి దిక్కు వచ్చి, ఆడపిల్లల హాస్టల్ చూసుకుంట ఇక్కడే ముసలిదైంది.

నేను హాస్టల్ల చేరిననాడు నాకు తెలుగు రాదు. మా ఇంట్ల మాట్లాడేది గోండి. బడిల గోండి మాట వినబడితే సారు చెయ్యి చాపుమనేటోడు. ఒకనాడు వాచిన నా అరచెయ్యి చూసి సిస్టర్ కొబ్బరినూనె రాసింది.

"మా దేశంల గూడ గింతే బిడ్డా. ఇంట్ల క్రియోల్, బడిల ఫ్రెంచ్. నోట్లకెళ్లి క్రియోల్ వస్తే దెబ్బలే."

"మరి మర్చిపోయినవా సిస్టర్?"

"అవ్వ మాట ఎట్ల మర్చిపోత?" అని నవ్వింది.

ఆ దినం నుంచి అన్నాల కాడ మేము గోండిల మాట్లాడుకున్నం. కొత్త మాట వినబడితే సిస్టర్ ముద్ద ఆపి, "జర మళ్ల చెప్పు" అనేది. వాళ్ల మాట పుట్టిన తీరు గూడ చెప్పింది. ఆఫ్రికాల తలా ఒక దిక్కుకెళ్లి బానిసలను పట్టుకపోయిన్రట. ఒకరి మాట ఒకరికి తెల్వదు. తెల్లదొరల మాటలు కొన్ని, తమవి కొన్ని కలిపి వాళ్లు కట్టుకున్న భాష అది. ఎట్లున్నవని ఎవరన్న అడిగితే 'మ్వే లా' అంటరట. ఉన్న, అని.

"గంతేనా?"

"మావోళ్లకు ఉండుడే పెద్ద ముచ్చట బిడ్డా."

మొన్న ఎండకాలం సిస్టర్‌కు పక్షవాతం వచ్చింది. తెలుగు పోయింది, ఇంగ్లీషు పోయింది. క్రియోల్ ఒక్కటే మిగిలింది. ఆదిలాబాద్ దవాఖానకు చూడబోతే నా మణికట్టు పట్టుకొని ఒకటే మాట అడిగేది. నీళ్లిచ్చిన, కాదన్నది. దుప్పటి కప్పిన, కాదు. కిటికీ తెరిచిన, కాదు. ఫోన్ల తర్జుమా పెట్టి చూసినం. నాలుక మడతవడ్డ ఆ మాట ఫోన్‌కు అందలే. హైతీల ఉన్న ఆమె చెల్లెలికి ఫోన్ చేస్తే కలువలే. అక్కడ గొడవలకు ఇల్లిడిసి పోయిన్రట. ఏం తోచక నేను గోండిలనే ఏదో చెప్పిన. నా నోటి దిక్కు చూసుకుంట విన్నది. మళ్ల అదే అడిగింది. ఆమె ఏం అడిగిందో ఇగ ఎన్నటికి తెల్వదు.

మట్టిచ్చి వచ్చిన తెల్లారి, హాస్టల్ల సిస్టర్ ఖాళీ మంచం మీద ఆమె ఫోన్ మోగింది. చెల్లెలు. లైను కలిసిందని సంబురంతోని గడగడ మాట్లాడుతుంది. హాస్టల్ల ఉండే ఇంకో సిస్టర్, కేరళామె, సంగతి ఇంగ్లీషుల చెప్పింది. చెల్లెలికి ఇంగ్లీషు రాదు. "పోయింది" అని నేను తెలుగుల అన్న, గోండిల అన్న. అటు దిక్కు నవ్వుకుంట ఎవరినో పిలిచింది. చిన్నపిల్లలు వచ్చి, సిస్టరే వింటుందనుకొని, పాట అందుకున్నరు. ఫోన్ కట్ చేసే ధైర్యం ఎవ్వరికి రాలే. హాస్టల్ పిల్లలు అన్నం పళ్లేలు పట్టుకొని, మంచం చుట్టూ నిలబడి విన్నరు.