కార్పెట్ కింద తడి

మా చిన్నప్పుడు... అమెరికాలో, అరోరాలోని మా అపార్ట్‌మెంట్‌లో శుక్రవారం వచ్చిందంటే హడావుడే. అమ్మ నైటీ ఎగదోపి, బకెట్లతో బాత్రూమ్ నేలంతా నీళ్ళు గుమ్మరించేది. చీపురుతో బరబరా రుద్దేది. ఆ నీళ్ళు పోవడానికి నేల మీద తూము ఉంటేగా! తువ్వాళ్ళు పరిచి ఒత్తి పిండేది... మిగిలినవి గుమ్మం దాటి హాల్లో కార్పెట్ కిందికి జారుకునేవి.

"నీళ్ళు పోసి కడక్కపోతే అదేం శుభ్రమే?" అనేది.

తమ్ముడికి ఆయాసం. ఛాతీలో పిల్లికూతలు. వాడు మాస్క్ పెట్టుకుని మందు పీలుస్తుంటే అమ్మకి కాలు నిలిచేది కాదు. "ఎక్కడో దుమ్ముంది" అంటూ మళ్ళీ బకెట్ ఎత్తేది. వాడు ఎంత దగ్గితే ఈవిడ అంత కడిగేది...

ఒకరోజు డాక్టర్, ఇంట్లో ఎక్కడైనా తడి ఉంటోందా అని అడిగారు. నాన్న ఆఫీస్‌లో ఉన్నారు. అమ్మకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. థర్డ్ గ్రేడ్ చదివే నేనే చెప్పాలి. మా అమ్మ వారం వారం నీళ్ళు పోసి కడుగుతుందని గొప్పగా చెప్పాను. ఆయన నెమ్మదిగా వివరించారు.

"ఏమంటున్నారే?" అమ్మ నా భుజం కుదిపింది.

"నువ్వు కడగడం ఆపాలంట అమ్మా. ఆ తడికి బూజు పడుతుందంట... దానివల్లే తమ్ముడికి..."

సాయంత్రం నాన్న కార్పెట్ అంచు ఎత్తి చూశారు. కింద నల్లగా బూజు.

"నేనేనా?" అంది అమ్మ.

కార్పెట్ మార్చారు. తమ్ముడు తేరుకున్నాడు. ఇప్పుడు మారథాన్లు పరిగెత్తుతున్నాడు, వెధవ! కానీ ఆ తర్వాత వాడు ఎప్పుడు దగ్గినా అమ్మ లేచేది, కూర్చునేది, వేళ్ళు నలుపుకునేది. ఏం చెయ్యాలో తెలియని అమ్మని చూడలేకపోయేదాన్ని. దానికన్నా ఆ బకెట్ల చప్పుడే నయమనిపించేది.

ఇప్పుడు నా ఇంట్లో చెక్క నేల, గాలిని శుభ్రం చేసే మెషీన్, తనంతట తానే ఊడ్చే రోబో... అన్నీ ఉన్నాయి. అయినా నా కూతురు ఒక్కసారి దగ్గిందా, నాకు ఒకచోట కుదురుండదు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తాను.

"మామ్, ఆల్రెడీ క్లీన్‌గా ఉంది కదా!" అంటుంది అది.

నిజమే... అద్దంలా ఉంది. అప్పట్లో పాపం అమ్మకి తెలియదు, నాకు అన్నీ తెలుసు. మరి నా చేతులెందుకు ఊరుకోవు?

మీ ఇంట్లో ఎవరైనా దగ్గితే మీ అమ్మగారు ముందు దేని మీద పడేవారు? చెప్పండి... ఇలా కంగారు పడేది నేనొక్కదాన్నే కాదని తెలిస్తే, కాసేపు కూర్చుంటాను.