డాక్టరమ్మ వాటా

పోయిన నెలలో ఒక పొద్దున మా పక్కింటి డాక్టరమ్మ డ్యూటీకి బయలుదేరుతూ కారు దగ్గరే కూలిపోయారు. వంటింటి కిటికీలోంచి అమ్మ చూసి పరుగెత్తింది. ఆంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళాక కూడా కారు తలుపు తెరిచే ఉంది, ఇంజిన్ తిరుగుతూనే ఉంది. నాన్నే వెళ్ళి ఆపాడు. మధ్యాహ్నానికి, ఆవిడ అన్నేళ్ళు పనిచేసిన హాస్పిటల్ నుంచే మాకు ఫోన్ వచ్చింది. నేను యూనీలో, అంటే యూనివర్సిటీలో, క్లాసులు ముగించుకుని ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. “మీ ఆంటీ పోయింది” అంది. 

ఆస్ట్రేలియాలోని ఈ టూవూంబాలో ఉండే తెలుగువాళ్ళలో ఆవిడ తెలియనివాళ్ళు తక్కువ. మీ పిల్లల జ్వరాలు ఆవిడ చూసి ఉంటారు. మీ ఇంటి ఫంక్షన్లో మీ ఉప్మా బాగాలేదని మొహం మీదే చెప్పి, రెండోసారి పెట్టించుకుని తిని ఉంటారు. నాకు గుర్తొచ్చే మనిషి మాత్రం గరాజ్‌లో ఉంటారు. చీర మీద ప్లాస్టిక్ ఏప్రన్, చేతిలో కత్తి, ముందు పాత టేబుల్ టెన్నిస్ బల్ల, బల్ల మీద అర పశువు. ఆవిడ గురించి రాయాలంటే నేను పెద్ద మాంసం గురించి రాయాలి. చదివేవాళ్ళలో కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చునేమో అని ఒక వాక్యం రాయబోయాను. ఆవిడ ఉంటే ఆ వాక్యాన్ని కొట్టేయించేవారు.

మేము ఒంగోలు దగ్గరి ఊరివాళ్ళం. ముస్లింలమైనా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నాన్నకి ఇక్కడ కంప్యూటర్ కాంట్రాక్ట్ దొరికి వచ్చిన మొదటి చలికాలంలో అమ్మ ఇల్లు దాటి బయటికి వెళ్ళేది కాదు. ఈ ఊరి పొగమంచు, కొండ మీది గాలి, ఇంగ్లీషు, మూడూ ఒక్కసారే మీద పడ్డాయి తనకి. ఒకరోజు కంచె అవతల నుంచి అచ్చమైన గుంటూరు మాట వినిపించింది.

“ఏమ్మాయ్, మీరు పెద్ద మాంసం తింటారా?”

అమ్మ చేతిలోని బట్టల బుట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మా ఊళ్ళో ఆ ప్రశ్న అద్దెకి ఇల్లు అడిగినప్పుడు వస్తుంది. జవాబు చెప్పాక తలుపు మూసుకుంటుంది. 

“తింటే చెప్పు. నేను కసాయికి అర పశువు చెప్తున్నా. ఒక్కదాన్ని అంత ఏం చేసుకోను? చెరో వాటా వేసుకుందాం. హలాల్‌దే లే. ఆ కసాయాయన ఎక్కణ్ణించి తెస్తాడో, ఎవరు కోస్తారో, అన్నీ అడిగే వచ్చా.”

“మీరు...” అని అమ్మ ఆగింది.

“మేం క్రిస్టియన్స్‌మి. నాకైతే ఎట్టా కోసినా ఒకటే. మీక్కాదుగా. అందుకే అడిగా.”

ఆ సాయంత్రం అమ్మ నాన్నతో ఈ సంగతి చెబుతూ నవ్వింది. తను నవ్వడం చూసి చాలా రోజులైందని నాకు అప్పుడు తెలిసింది.

మాంసం పెద్ద పెద్ద ఖండాలుగా, అట్టపెట్టెల్లో వచ్చేది. కసాయి ఎలా కావాలంటే అలా కోసి, సంచుల్లో కట్టి ఇస్తానన్నా ఆంటీ ఒప్పుకునేవారు కాదు. ఆ లెక్కన మెత్తటి ముక్కలు ఒక సంచిలో, బొమికలు ఒక సంచిలో ఉంటాయి. అలా పంచుకుంటే ఒకరికి మెత్తనిది, ఒకరికి గట్టిది పోతుంది. ఆంటీ పెరిగిన పేటలో ఆదివారంనాడు నలుగురు కలిసి ఒక పశువుని తెచ్చుకుని తాటాకుల మీద పోగులు పెట్టేవారట. ప్రతి పోగులో కండ ఉండాలి, కార్జం ముక్క ఉండాలి, మూలుగ బొమిక ఉండాలి, కొవ్వు ఉండాలి. తోక ఒక్కటే అయినా దాన్నీ కణుపు కణుపుగా విడదీసి అన్ని పోగుల్లోకీ వేయాలి.

నేను ఆరో తరగతి దాకా తెలుగు చదివాను. కార్జం, మూలుగ, కణుపు, పోగు... ఇవేవీ నా పాఠాల్లో లేవు. కత్తి కింద ఒక్కొక్కటీ విడిపోతుంటే ఆంటీ పేరు చెప్పేవారు, నేను మళ్ళీ పలికేదాన్ని. ఇప్పుడు యూనీలో లైబ్రరీలో కూర్చుని తెలుగులో ఏదైనా రాద్దామనుకుంటే మొదట నోటికి వచ్చేవి ఆ గరాజ్ మాటలే.

పోగులు పెట్టడం అయ్యాక అసలు పద్ధతి మొదలవుతుంది. ఒక మనిషి గోడవైపు తిరిగి నిలబడాలి. ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి “ఇదెవరికి?” అని అడగాలి. చూడకుండా పేరు చెప్పాలి. ఎవరి పేరు చెబితే ఆ పోగు వాళ్ళది, మార్పు లేదు. ఆంటీ గరాజ్‌లో పోగులు రెండే, గోడవైపు తిరిగే పని నాన్నది. పచ్చిమాంసం చూస్తే ఆయనకి కళ్ళు తిరుగుతాయి.

“కత్తి పట్టలేవు, చూడనూ లేవు. నీకు సరిపోయే పని ఒకటుంది తమ్ముడూ. గోడ చూడు.”

నాన్న బుద్ధిగా గోడ చూసేవాడు. ఆంటీ ఒక పోగు మీద అరచెయ్యి వేసి “ఇదెవరికి తమ్ముడూ?” అనేవారు. నాన్న ఒక్క క్షణం ఆలోచించినట్టు నటించి “డాక్టరమ్మకి” అనో “మాకు” అనో చెప్పేవాడు. ఆయన ఆవిడ పేరు చెబితే, ఆవిడ పోగుని ఒక్క చరుపు చరిచి “సరే, ఇది నాది. ఇక తిరుగు” అనేవారు. తనది కాకపోతే రెండో పోగుని చూపించి “అయితే అదే నాది. ఇక తిరుగు” అనేవారు. ఆ మాట వినిపించాకే నాన్న ఇటు తిరగాలి. అదీ నియమం.

అమ్మ ఒకసారి ఆంటీ వైపు ఉన్న పోగులో నాలుగు మంచి ముక్కలు ఎక్కువ వేసింది. ఆంటీ వాటిని తీసి మధ్యలో పెట్టారు. “ఎవరిదో తెలియకుండా పెట్టాలమ్మాయ్. తెలిస్తే చెయ్యి ఒక పక్కకి వంగుద్ది. ప్రేమతో వంగినా వంకర వంకరే.”

ఆవిడ కొడుకు మెల్‌బోర్న్‌లో చదువుకునేవాడు. సెలవులకి వచ్చినప్పుడు ఈ తంతు చూసి “మమ్, యూ కుడ్ జస్ట్ వెయ్ ఇట్” అంటూ తూచి పంచమనేవాడు. “తూకంలో రుచి రాదురా” అని ఆవిడ తెలుగులోనే జవాబిచ్చేవారు. అతనికి అంతా అర్థమయ్యేది, తిరిగి ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి వైటూకే సంవత్సరానిది. కంప్యూటర్లు కొత్త సంవత్సరాన్ని గుర్తుపట్టక ఆగిపోతాయని, కరెంటు పోతుందని, నీళ్ళు రావని అందరూ భయపడిన డిసెంబర్ అది. అంతకు ముందు ఏడాదంతా నాన్న చేసిన పని అదే. కరెంటు సరఫరా చూసే ఒక ఆఫీసులో కూర్చుని, పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి సరిచేయడం. ఏమీ కాదని ఆయన ఇంట్లో రోజూ చెప్పేవాడు.

సరిగ్గా ఆ నెలలోనే అర పశువు వచ్చింది. రెండిళ్ళకీ కలిపి ఉన్నది ఆంటీ గరాజ్‌లోని ఒక్క పెద్ద ఫ్రీజరే. ఇక్కడ డిసెంబరంటే మండు వేసవి. అమ్మకి గుబులు పట్టుకుంది. “ఈ ఎండల్లో కరెంటు పోతే ఒక్కరోజులో మొత్తం పాడవుద్ది” అంది.

“పోదంటున్నాగా. ఆ ప్రోగ్రాములు చూసింది నేను.”

“మీరు చూసినవి సరే. మీరు చూడనివో?”

నాన్న పళ్ళెం పక్కకి జరిపి లేచి వెళ్ళాడు. అమ్మ అన్నది భయంతోనే, ఎత్తిపొడవాలని కాదు. కానీ ఏడాదిగా ఆదివారాలు కూడా మానుకుని చేసిన పనిని సొంత ఇంట్లోనే నమ్మడం లేదన్నది ఆయనకి తగిలింది. మర్నాడు పోగులు పెట్టే వేళకి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే గరాజ్‌లోకి వచ్చారు. ఆంటీకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, “ఏంది, ఫ్రీజర్ గొడవేనా?” అన్నారు.

అమ్మ చెప్పింది. హాస్పిటల్లో కూడా మీటింగ్ పెట్టి జాగ్రత్తలు చెప్పారట కదా అని అడిగింది. ఆంటీ అవునన్నారు. తర్వాత మామూలుగానే నాన్నని గోడవైపు తిప్పి, పోగు మీద చెయ్యి పెట్టి అడిగారు. నాన్న “మాకు” అన్నాడు. “అయితే అదే నాది” అన్నారు కానీ, తిరగమనలేదు.

“అమ్మాయ్, మీ వాటా ఎండబెడదాం. ఉప్పుకండ చేస్తే కరెంటు ఉన్నా లేకపోయినా ఆరు నెలలు ఆగుద్ది. నీకూ నిద్ర పడుద్ది. నా వాటా ఫ్రీజర్లోనే ఉంటది.”

“కరెంటు పోతే అక్కా?”

“పోదని తమ్ముడు చెప్పాడుగా. చేసినోడు చెప్తుంటే నేను ఇంకెవర్ని అడగాలి?”

నాన్న గోడవైపే ఉన్నాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపించింది. “ఇక తిరుగు” అని ఆంటీ అన్నాక కూడా కాసేపటి దాకా తిరగలేదు.

ఆ తర్వాతి రోజులు నాకు పండగలా గడిచాయి. మాంసాన్ని వేళ్ళంత పొడుగున చీల్చి, ఉప్పూ పసుపూ కారమూ పట్టించి, దారాలకి గుచ్చి, ఆంటీ పెరట్లో గొడుగులా విచ్చుకుని తిరిగే బట్టల తీగల మీద ఆరేశాం. చుట్టూ పాత దోమతెర కట్టాం. అయినా ఒక కూకబర్రా పిట్ట రోజూ వచ్చి కంచె మీద కూర్చుని, తెర ఎక్కడ వదులైందా అని చూసేది. కర్ర పట్టుకుని కాపలా కూర్చోవడం నా డ్యూటీ. మధ్యాహ్నాలు ఉరుములొస్తే ముగ్గురం పరుగెత్తి దండలు దండలుగా లోపలికి మోసేవాళ్ళం. అవతలి ఇంటి ముసలాయన కంచె మీంచి తొంగిచూసి అదేమిటని అడిగితే, “జెర్కీ, మేట్. హావ్ సమ్” అని ఆంటీ ఒక ముక్క వేయించి ఇచ్చారు. ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ రెండోది అడిగాడు.

“అక్కా, అందరూ చూస్తున్నారు” అని అమ్మ సిగ్గుపడింది.

ఆంటీ దండ సర్దుతూ చెప్పారు. మెడిసిన్ చదివేటప్పుడు ఇంటి నుంచి వచ్చిన ఉప్పుకండని హాస్టల్లో పెట్టె అడుగున బట్టల మధ్య దాచుకుని, రూమ్‌మేట్ స్నానానికి వెళ్ళినప్పుడు తినేవారట. “దాచుకుని తింటే ఒంటికి పట్టదమ్మాయ్. ఎండలో పెట్టుకుని తిను.”

కొత్త సంవత్సరం రాత్రి నాన్న ఆఫీసులోనే ఉన్నాడు. తెల్లవారాక అలసిపోయిన మొహంతో వచ్చి కారు దిగేసరికి, ఆంటీ మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో ఫ్రీజర్లోంచి తీసిన మాంసం సంచి. దాన్ని గుమ్మం కమ్మీకేసి టకటకా కొట్టారు.

“రాయిలా ఉంది తమ్ముడూ.”

నాన్న నవ్వాడు. అమ్మ లోపలికి వెళ్ళి టీ పెట్టింది. ఆయన కప్పు ఆయన చేతికే ఇచ్చి, అక్కడే కూర్చుంది. ఉప్పుకండ వండమంటారా అని అడిగింది. నాన్న వండమన్నాడు.

ఏమీ జరగలేదు కాబట్టి నాన్న కాంట్రాక్ట్‌ని ఆఫీసువాళ్ళు పొడిగించలేదు. కొన్ని నెలలు ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజుల్లో పార్కులో తెలుగువాళ్ళ బార్బెక్యూ విందు ఒకటి జరిగింది. ఒకాయన నవ్వుతూనే అన్నాడు. “వైటూకే అంతా డ్రామా కదా భాయ్. ఏం జరిగింది చెప్పండి? ఊరికే కూర్చోబెట్టి జీతాలిచ్చారు.”  జవాబు ఆంటీ కూర్చున్న పక్క బల్ల నుంచి వచ్చింది.

“మీ పాపకి టీకాలు వేసింది నేనేగా బాబూ?”

“అవును మేడమ్.”

“జబ్బు రాలేదుగా? అయితే ఊరికే వేసినట్టేనా?”

అందరూ నవ్వారు, ఆ మాట అన్నాయనతో సహా. ఆంటీ నవ్వలేదు. “ఏమీ జరక్కుండా చూడటం కూడా పనే. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు, అంతే” అన్నారు. నాన్న తర్వాత యూనీలో కంప్యూటర్ల విభాగంలో చేరాడు. ఇప్పటికీ పని గురించి మాట వస్తే ఆ మాటే చెబుతాడు, ఎవరన్నారో కూడా చెప్పి.

ఆవిడని సమాధి చేసిన వారానికి, మధ్యాహ్నం, ఒక వ్యాన్ వచ్చి పక్కింటి ముందు ఆగింది. కసాయి. పోయే ముందు ఆవిడ చెప్పి ఉంచిన అర పశువు. ఆయనకి సంగతి తెలియదు. తెలిశాక టోపీ తీసి, వెనక్కి తీసుకెళ్ళనా అని అడిగాడు. ఇల్లు సర్దడానికి ఆగిన ఆవిడ కొడుకు మా వైపు చూశాడు. అమ్మ “దించమను” అంది.

టేబుల్ టెన్నిస్ బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచాం. ఆంటీ ఏప్రన్ అమ్మ కట్టుకుంది. సాయంత్రం దాకా కోసింది. నేను పక్కన నిలబడి అందించాను. ప్రతి పోగులో కండ, కార్జం, మూలుగ బొమిక, తోక కణుపు. రెండు పోగులు. ఎవరిదో తెలియకుండా, సమానంగా.

నాన్న ఏమీ అడక్కుండానే వెళ్ళి గోడవైపు తిరిగాడు. అమ్మ ఒక పోగు మీద చెయ్యి పెట్టింది.

“ఇదెవరికి?”

ఆ ప్రశ్న చివర ఉండాల్సిన “తమ్ముడూ” లేదు. 

నాన్న “డాక్టరమ్మకి” అన్నాడు.

ఆవిడ కొడుకు ముందుకొచ్చి, ఆ పోగు మీద మెల్లగా అరచెయ్యి ఆనించాడు.  ఇది నాది అని కానీ, ఇక తిరుగు అని కానీ ఎవరూ అనలేదు. నాన్న గోడవైపే నిలబడి ఉన్నాడు.