సోడా గ్యాసు నింపిన చక్రాలు

బెళుగుప్పలో సైకిలు షాపు నబీ సాబ్ ఎడమ భుజం పైకెత్తి, ప్రతి దెబ్బకూ పళ్లు బిగబట్టి పంపు కొడతాడు. ఆపైన చక్రాన్ని బొటనవేలితో నొక్కి, చెవి ఆనించి వింటాడు. నిండిన చక్రం మీద అంత అనుమానమెందుకో కొత్తవాళ్లకు తెలియదు. డెబ్భై ఆరు ఎండాకాలంలో భుజం నొప్పికి తాళలేక, పక్కనున్న గోలీసోడా అంగడి సిలిండరుతో పోస్టుమాన్ జయరాముడి సైకిలుకు గ్యాసు పట్టాడు. "రాయి మాదిరి ఉండాది, పో అన్నా!" అని నవ్వాడు కూడా. మర్నాడు నడిదారిలో రెండు చక్రాలూ చప్పబడిపోయాయి. సంచిలో ముందున్న పల్లెలోని భద్రమ్మకు టెలిగ్రాం ఉంది, అక్క చావుబతుకుల్లో ఉందని. జయరాముడు సైకిలు తోసుకుంటూ చేరేసరికి అక్క ఊరికి పోయే కళ్యాణదుర్గం బస్సు వెళ్లిపోయింది. అక్క కడసారి చూపు ఆమెకు దక్కలేదు.

ఆ ట్యూబులకు గాలి కొట్టి నీళ్లతొట్టిలో ముంచితే ఒక్క బుడగా రాలేదు. గాలులన్నీ ఒకటేనని మనిషి అనుకుంటాడు, రబ్బరు అనుకోదు. కాలేజీ అయ్యవారొకరు తర్వాతెప్పుడో చెప్పాడు: "బొక్క లేకున్నా ఆ గ్యాసు రబ్బరులోంచే దూరి పోతాది సాబూ. మామూలు గాలి అంత బిరీన పోదు. నీ తప్పేముండాది?"

"రబ్బరు తప్పూ లేదు సార్. పంపు కొట్టేకి ఒళ్లు వంగనిది నాకే."

భద్రమ్మ మాత్రం ఎన్నడూ ఏమీ అనలేదు. షాపు ముందు నుంచి పోయినప్పుడల్లా "బాగుండావా సాబూ?" అంటుంది. ఆమె అలా అడిగిన రోజున సాబు తాను దాచుకున్న ఆ పాత ట్యూబులు తీసి మళ్లీ తొట్టిలో ముంచి, రాని బుడగ కోసం చూస్తూ కూర్చుంటాడు.