మాగ్నస్ కాలు పడిన ఇళ్ళు

"…నీ ఎర్రజుట్టు చూసుకుని మాట్లాడు రోరీ! తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన గడప నువ్వు దాటేస్తావా?"

"అయితే నువ్వే దాటు అత్తా."

"ఆడదాన్ని, నేను ముందు వెళితే ఏడాదంతా ఏడవడానికా? బుద్ధుండే అంటున్నావా?"

మాగ్నస్ సింక్లెర్ ఆగిపోయాడు. టొరంటో వచ్చి పదిరోజులైంది. కొత్త సంవత్సరం మొదటిరోజు మధ్యాహ్నం, మేనకోడలి ఇంట్లో హీటరు వేడికి ఊపిరాడక ఊరికే నడుద్దామని బయల్దేరాడు. ఈ వీధిలో తన వాళ్ళ యాస చెవిన పడుతుందనుకోలేదు.

స్కాట్లండ్ వాళ్ళ సంఘం హాలు ముందు ముప్ఫైమంది మంచులో నిలబడి ఉన్నారు. చేతుల్లో కేకులు, మూతపెట్టిన గిన్నెలు. ఒకడి భుజాన అకార్డియన్. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపలి చీకట్లో, నిన్న పరిచిన తెల్లటి బల్లగుడ్డలు కనబడుతున్నాయి. ఒక్కరూ అడుగు పెట్టడం లేదు. కొత్త ఏడు గడప మొదట దాటేది నల్లజుట్టు మగవాడైతేనే శుభమని వాళ్ళ నమ్మకం. ఏటా ముందు వెళ్ళే నల్లజుట్టు మనిషికి జ్వరమట. మిగిలిన మగవాళ్ళవి నెరిసిన తలలు, బట్టతలలు, లేదంటే ఎర్రజుట్లు.

మాగ్నస్ వెనక్కి తిరగబోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

"అటు చూడండ్రా! ఆరడుగుల పొడుగు, కాకిరెక్కలాంటి జుట్టు!" అని అరిచాడు రోరీ. "పెద్దాయనా, ఏ ఊరు మీది?"

"విక్." అబద్ధం చెప్పడం మాగ్నస్‌కి చేతకాదు.

"దేవుడే పంపాడు! రంగేమీ వెయ్యలేదు కదా?"

అందరూ నవ్వారు.

స్కాట్లండ్ ఉత్తరపు కొసనున్న విక్‌లో ఇళ్ళ కప్పులకు పలకరాళ్ళు పరిచే మేస్త్రి అతను. పదిహేడో ఏటి నుంచి ఆ వీధికి కొత్త ఏడు అతని కాలితోనే మొదలయ్యేది. బొగ్గుముక్క, కేకు, విస్కీసీసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. మాగ్నస్ కాలు పడితే పొయ్యి ఆరదనేవారు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఒక్క వెంట్రుక నెరవలేదు.

ఐదేళ్ళ కిందట, అన్నిటికంటే ముందు అతను వెళ్ళిన ఇంట్లోంచి, చలి తగ్గకముందే శవం లేచింది. మరుసటి ఏడు ఇంకో ఇల్లు. ఆపై ఏడు సొంత అన్న ఇల్లు. ఎవరూ ఏమీ అనలేదు, పిలవడం మానేశారంతే. కొత్త ఏడు మొదటిరోజున అతను వీధిలో నడుస్తుంటే గొళ్ళేలు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్న చప్పుడు తోడొచ్చేది. అందుకే ఈసారి సముద్రం దాటి వచ్చాడు.

ఎల్స్పెత్ గన్ అనే తొంభై దాటిన ముసలావిడ చేతికర్ర ఊతంతో ముందుకొచ్చి, అతని అరచేతిలో బొగ్గుముక్క పెట్టింది. అంత చలిలోనూ అది వెచ్చగా ఉంది.

"కానీ నాయనా. కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి."

"నన్ను పిలవకండి అవ్వా. నా కాలు మంచిది కాదు."

మూడిళ్ళ సంగతీ చెప్పాడు. రోరీ నవ్వబోయి మానుకున్నాడు. గుమ్మం దగ్గరున్నవాళ్ళు ఒక్కో అడుగు వెనక్కి జరిగారు. గాలి లేదు; అయినా తలుపు సగం మూసుకుని, మళ్ళీ మెల్లగా తెరుచుకుంది.

ఎల్స్పెత్ మాత్రం జరగలేదు.

"జబ్బుచేసి పోయారా?"

"లేదు. నిద్రలో."

"ముగ్గురూనా?"

"ముగ్గురూ. తెల్లారి లేపబోతే చల్లబడి ఉన్నారు."

"బాధపడ్డట్టు ఏమైనా…?"

"మా అన్న మొహం నేను చూశాను. చిన్నప్పుడు ఎలా పడుకునేవాడో, అలాగే ఉన్నాడు."

ఆమె చాలాసేపు అతని బూట్లవైపు చూసింది.

"మా ఆయన అలిస్టర్ నాలుగేళ్ళుగా మంచంలో ఉన్నాడు," అంది. "నేనెవరో తెలీదు. నొప్పి మాత్రం తెలుస్తుంది. మూలుగు ఆగదు. ఇవాళ మా గడప ఇంకా ఎవరూ తొక్కలేదు."

"అవ్వా, వద్దు…"

బొగ్గు తిరిగి ఇవ్వబోయాడు. ఆమె తన రెండు చేతులతో అతని గుప్పిట మూసింది.

"రోరీ, హాలుకి తాళం వేసి వీళ్ళని ఇళ్ళకి పంపెయ్," అంది. "ఈయన మా ఇంటికి వస్తున్నాడు."