తీగ దిగిన మంగళవారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గిటారు తీగ తనంతట తాను కిందికి దిగేది. నవ్వకండి. తాళం వేసిన ఇంట్లో, గోడకు తగిలించిన గిటారు మీద, రోజుకు వెంట్రుకవాసి చొప్పున దిగేది. అప్పుడు మేం ఢిల్లీలో, కటవారియా సరాయ్‌కి దగ్గర్లో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మెట్రో కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజులవి. నాన్న సెంట్రల్ గవర్నమెంటులో ఆఫీసరు, అమ్మ స్కూల్లో టీచరు. నాకు పదకొండేళ్ళు. మెడలో తాళంచెవి వేసుకుని తిరిగేదాన్ని, మాటకు మాట అప్పజెప్పేదాన్ని.

గిటారు మా బాబాయిది. సివిల్స్ రాయడానికి వచ్చి మా వెనక గదిలో ఉండేవాడు. చదివీ చదివీ విసుగొస్తే గిటారు తీసేవాడు. అది ఎవరో వాడి అమ్మేసింది. దాని తీగలు మెడకు చాలా ఎత్తులో ఉండేవి, అంత ఎత్తు నుంచి అదిమిపట్టాలంటే వేళ్ళు కోసుకుపోయేవి. "దీని తీగలు కాస్త దించాలే" అంటూ కందిపోయిన వేలికొనలు నాకు చూపించేవాడు. ఆ ఏడు వానాకాలం చివర్లో డెంగీ వచ్చి ఆరు రోజుల్లో పోయాడు. జ్వరంలో కూడా తీగలు దించాలనే కలవరించాడు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

మరుసటి ఏడు సంవత్సరీకం ఇంకో నెలన్నర ఉందనగా ఇంట్లో ఏదో మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి స్కూలు నుంచి అందరికంటే ముందు నేనొచ్చి తాళం తీసేదాన్ని. ఒకరోజు వెనక గదిలో, సరిగ్గా గిటారు కింద, గచ్చు మీద చిటికెడు తెల్లపొడి కనిపించింది. వేలితో తీస్తే విభూతిలా మెత్తగా ఉంది. సాయంత్రం చూపిస్తే అమ్మ మొహం పాలిపోయింది. మర్నాడు గుండె చిక్కబట్టుకుని తీగను అదిమి చూశాను. బాబాయి ఉండగా నా వేలికి లొంగని తీగ అది, కొంచెం సులువుగా వంగింది. నా ఒళ్ళు జల్లుమంది.

అమ్మ ఒక్కటే మాట అంది. సంవత్సరీకం అయిన మర్నాడు ఆ గిటారు ఇంట్లో ఉండటానికి వీల్లేదు, పాత సామాన్లు కొనే కబాడీవాడికైనా సరే ఇచ్చెయ్యాలి. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే "ఠీక్ హై, ఇచ్చెయ్" అన్నారు. అంత తేలిగ్గా అనేసినందుకు ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. బాబాయి గిటారు పట్టుకున్నప్పుడల్లా కసిరిందీ ఆయనే. నాకు భయం లేదని కాదు, కానీ భయం కంటే ఆశ ఎక్కువగా ఉంది. బాబాయి వస్తున్నాడు, తన తీగలు తనే దించుకుంటున్నాడు. వచ్చేది బాబాయేనని రుజువు చేస్తే అమ్మ మాత్రం సొంత మరిదిని బయటికి గెంటేస్తుందా? అదీ నా తెలివి.

రుజువు కావాలంటే కొలవాలి. కంపాస్ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలును గిటారు మెడ మీద నిలబెట్టి, పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో చూసి నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. మెట్టంటే వీణ మీద ఉండేలాంటిదే, ఇనప గీత. నాలుగు రోజులు రాసి ఆ పుస్తకం పట్టుకుని పై అంతస్తు తాతగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళని చూస్తుండేవారు.

ఆయన నా అంకెలు చూడనేలేదు. స్కేలు అందుకుని, దాని అంచును గోటితో గీకారు. "అంచు ఇక్కడుంది, సున్నా అక్కడుంది. మధ్యలో ఈ ఖాళీ ఎవరిదే పిల్లా?" అన్నారు. అంతవరకూ ఆ ఖాళీని నేను చూడలేదు. దాన్ని కలపకుండా నాలుగు రోజులూ తప్పే రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అంచు నుంచే గీతలు మొదలయ్యే స్టీలు స్కేలు నాన్న బల్ల మీద ఉంటే దాంతో మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ ఆదివారం అమ్మానాన్న కూరలకు వెళ్ళినప్పుడు తాతగారు మా ఇంటికి దిగివచ్చారు. తీగ వైపు వంగి చూసి, "అమ్మో, నిన్నటి కంటే బాగా దిగిపోయిందే" అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. నేను స్కేలు పెట్టి చూశాను. నిన్నటి కంటే అర మిల్లీమీటరు తక్కువ. అప్పుడాయన నెమ్మదిగా చెప్పారు, తను ఊరికే అన్నానని, పొద్దుట నేను స్నానానికి వెళ్ళినప్పుడే వచ్చి నా పుస్తకంలోని నిన్నటి అంకెతో సరిచూశానని, తీగ నిన్న ఉన్నచోటే ఉందని. కావాలంటే మళ్ళీ చూడమన్నారు. చూశాను. నిన్నటి అంకే. నిమిషం కిందట నా కళ్ళు నాకు లేనిదాన్ని చూపించాయి. దెయ్యం కంటే ఆ సంగతే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"కంటికి ఆశ ఎక్కువే. వేలికి అంత ఉండదు" అని జేబులోంచి ఒక గుత్తి తీశారు. చాకులా విచ్చుకునే సన్నటి ఇనపరేకులు. ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంది. యంత్రంలో రెండు భాగాల మధ్య సందు కొలవడానికి వర్క్‌షాపులో వాడేవారట. రేకు మీద రేకు పేర్చి తీగ కింద దూర్చాలి. కళ్ళు మూసుకునే దూర్చాలి. తీగ మూలిగితే ఒక రేకు ఎక్కువైనట్టు, ఏమీ తగలకుండా ఆడితే తక్కువైనట్టు. తగిలీ తగలనట్టుంటే అదీ లెక్క. అప్పుడే కళ్ళు తెరిచి అంకెలు కూడాలి.

ఆనాటి నుంచి మధ్యాహ్నం నేను రాగానే ఆయన దిగివచ్చేవారు. కళ్ళు మూసుకుని ఆ గదిలో నిలబడటం మాటలు కాదు. తీగ మూలిగినప్పుడల్లా దాని రెండో కొసను ఎవరో పట్టుకున్నట్టుండేది. రేకులు మాత్రం అబద్ధం చెప్పలేదు. తీగ నిజంగానే దిగుతోంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ కొంచెం. శని, ఆదివారాలు మాత్రం కదల్లేదు. పంద్రాగస్టున కూడా కదల్లేదు. ఆ వరస చూసి తాతగారు పగలబడి నవ్వారు. "సెంట్రల్ గవర్నమెంటు దెయ్యంలా ఉందే! గెజిటెడ్ సెలవు కూడా వదల్లేదు." నాకు ఒళ్ళు మండింది. మా బాబాయిని ఎగతాళి చేస్తున్నారనుకున్నాను తప్ప, ఆ నవ్వులో ఏముందో నా బుర్రకి ఎక్కలేదు.

తర్వాత వచ్చిన మంగళవారం మాత్రం ఆయన నవ్వలేదు. ఆ రోజు నాన్న ఆఫీసు పని మీద చండీగఢ్ వెళ్ళారు. మామూలుగానే కళ్ళు మూసుకుని కొలిచాను. నిన్నటి రేకులు పెడితే తీగ మూలిగింది. ఒక సన్నరేకు తీసేస్తేనే సరిపోయింది. తాతగారు మళ్ళీ కొలవమన్నారు. ఇంకోసారి కొలవమన్నారు. తర్వాత తనే కళ్ళు మూసుకుని దూర్చారు. తలుపు గడియ చూశారు, కిటికీ చూశారు, గచ్చు మీద చెయ్యి రాసి చూశారు. పొడి లేదు. ఆయన ముంజేతి మీద రోమాలు లేచి నిలబడటం నేను చూశాను. "రాయి. అర్థం కాలేదని అంకె కొట్టెయ్యకూడదు. తెలియకుండా పక్కన ఎవరి పేరూ రాయకూడదు" అని మాత్రం అని పైకి వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం పెద్ద వాన. రోడ్ల మీద నీళ్ళు నిలుస్తాయని స్కూలు వాళ్ళు ముందే వదిలేశారు. ఒంటిగంట దాటాక ఇంటికొచ్చేసరికి మా తలుపు తాళం తీసి ఉంది. వెనక గదిలోంచి గర్‌గర్‌మని గీకుడు. వెనక్కి పారిపోదామనుకున్నాను, కానీ బాబాయిని చూసే అవకాశం మళ్ళీ రాదేమోనని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాను.

నాన్న. ఆఫీసు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కింద పేపరు పరుచుకుని కూర్చున్నారు. గిటారు తీగలు వదులు చేసి, వాటిని మోసే తెల్లటి బద్దను ఊడదీసి, గరుకు కాగితం మీద దాని అడుగును అరగదీస్తున్నారు. మూత తియ్యని టిఫిన్ బాక్సు పక్కనే ఉంది. నన్ను చూసి తప్పు చేసిన పిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"వాడు అడిగాడమ్మా" అన్నారు. "పెద్ద పనేం కాదన్నయ్యా, దీన్ని కాస్త అరగదీయిస్తే చాలు అన్నాడు. ముందు పాసవ్వరా, తర్వాత చూద్దాం అన్నాను." నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆయన మీద వారాల తరబడి దాచుకున్న కోపమంతా నీరుగారిపోయింది. కళ్ళు తుడుచుకుని, "ఎంత దించాలో అంతు చిక్కట్లేదు. ఎక్కువ దిగిపోతే ఎందుకూ పనికిరాదేమోనని రోజూ కొంచెమే తీస్తున్నాను" అన్నారు. నేను పైకి పరుగెత్తి తాతగారి రేకులు తెచ్చాను. బద్ద పెట్టి తీగలు బిగించాక నాన్నను కళ్ళు మూసుకోమన్నాను.

ఆయన కొలుస్తుండగా అడిగాను, మంగళవారం ఎలా వచ్చారని. కళ్ళు తెరిచారు. "మంగళవారం నేను చండీగఢ్‌లో ఉన్నాను కదమ్మా."

ఆ మాట తాతగారికి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. రోజూ ఒంటిగంటకు నాన్న స్కూటరు రావడం బాల్కనీ నుంచి చూస్తూనే ఉన్నారట. మంగళవారం రాలేదట. మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదని పోట్లాడాను. "చెబితే నమ్మేదానివా? నువ్వు కొలుచుకుంటేనే నీది" అన్నారు. గాలిలో తేమకి చెక్క కదిలి ఉండొచ్చు అని కూడా అన్నారు. అంటూ నా వైపు చూడలేదు.

సంవత్సరీకం అయింది. నాన్న చేసిన పని తెలిశాక అమ్మ కబాడీవాడి ఊసు ఎత్తలేదు. పచ్చడి జాడీలకు కట్టే మెత్తటి పాతచీర ముక్కతో గిటారు తుడిచి మళ్ళీ గోడకు తగిలించింది.

తాతగారి రేకులు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఏదైనా నిజం కావాలని మరీ గట్టిగా అనిపించినప్పుడు నా కళ్ళను నేను నమ్మను, ఒకసారి మూసుకుని చూస్తాను. నోటుబుక్కూ ఉంది. ప్రతి అంకె పక్కనా తర్వాత నాన్న అని రాసుకున్నాను. మంగళవారం పక్కన మాత్రం ఖాళీ. ఎన్నోసార్లు పెన్ను తీశాను, ఒక పేరు రాయాలని ఎంతగానో అనిపించింది. ఇప్పటికీ రాయలేదు. ఆ అంకెనూ కొట్టెయ్యలేదు.